సూది ఇచ్చిన గడువు

తెలుగులో భుజం చేసే పనులు చాలా ఉన్నాయి. బాధ్యతను భుజాన వేసుకుంటాం. పిల్లవాణ్ణి భుజం తట్టి మెచ్చుకుంటాం. కష్టంలో ఉన్నవారితో భుజం కలుపుతాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా నల్లగొండ వైపు చేతిని మొత్తంగా 'రెక్క' అంటారు. రెక్కాడితే గాని డొక్కాడదన్న మాట అక్కడ సామెత కాదు, ఊళ్ళో సగం మంది దినచర్య. ఇన్ని మాటలున్నా, ఆ భుజం మొరాయించినప్పుడు చెప్పుకోవడానికి మనకు ఉన్నది ఒక్క మాటే: "పట్టేసింది".

2023 వానాకాలంలో నా కుడి భుజం అలా పట్టేసింది. దెబ్బ తగలలేదు, బరువు ఎత్తలేదు. మొదట రాత్రుళ్ళు ఆ ప్రక్కకు తిరిగి పడుకుంటే మెలకువ వచ్చేది. దసరా నాటికి జాకెట్టు వెనుక హుక్కులు అందడం మానేశాయి. దీపావళి నాటికి నా జడ మా అమ్మాయి పని అయింది. తెలుగు ఉపాధ్యాయినిగా నల్లబల్ల పై వరుసలో తేదీ, పాఠం పేరు వ్రాయడం నాకు ఇరవయ్యేడేళ్ళ అలవాటు. ఆ పై వరుస వారం వారం క్రిందికి జారి, చివరికి నా నడుముకు ఎదురుగా వచ్చి ఆగింది. వెనుక బెంచీల పిల్లలు లేచి నిలబడి చూసి వ్రాసుకునేవారు. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే పైన వ్రేలాడే పట్టీని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిని ఎవరూ తగలకుండా పొట్టకు అదుముకుని నిలబడేదాన్ని. ఆ రోజుల్లో నన్నెవరైనా గుమ్మడికాయల దొంగ అన్నా, తడుముకోవడానికి నా కుడిచెయ్యి ఎడమ భుజం దాకా పోయేది కాదు.

ఈ వ్యాసం ఆ భుజంలోకి వెళ్ళిన ఒక సూది గురించి. సూది ఏం చేసింది, ఏం చేయలేదు అన్నది వివరంగా వ్రాసి పెడితే, ఇదే బాధలో ఉన్నవారికి పనికివస్తుందని నా ఆశ.

*

భుజం కీలు మన ఒంట్లో అన్ని కీళ్ళకంటె స్వేచ్ఛగా తిరిగేది. బడి ఆటల పోటీలలో నిమ్మకాయ–చెంచా పందెం చూసే ఉంటారు. జబ్బ ఎముక పైకొసన ఉన్న గుండ్రటి తల ఆ నిమ్మకాయ అనుకోండి. రెక్క ఎముకలో ఉన్న లోతులేని గుంట ఆ చెంచా. తుంటిలో ఉన్నట్టు ఇక్కడ లోతైన గిన్నె లేదు. అందుకే చెయ్యి ఏ వైపుకైనా తిరుగుతుంది. అందుకే ఎప్పుడైనా జారిపోయే ప్రమాదమూ ఉంటుంది. జారకుండా నాలుగు కండరాల స్నాయువులు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వాటికి లోపల పలుచని తొడుగు ఒకటి కీలునంతా చుట్టి ఉంటుంది. చెయ్యి పైకి లేవాలంటే ఆ తొడుగు చంక వైపు వదులుగా మడతలు పడి ఉండాలి. చంక దగ్గర బిగుతుగా కుట్టిన జాకెట్టు తొడుక్కుని పై అరలోని డబ్బా అందుకోబోయిన ఏ స్త్రీకైనా ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. నాకు వచ్చిన జబ్బులో ఆ తొడుగే వాచి, దళసరి అయి, ముడుచుకుపోతుంది.

బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో భుజం మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. 'ఫ్రోజెన్ షోల్డర్', అంటే గడ్డకట్టిన భుజం, అన్న పేరు ఆయన వల్లనే స్థిరపడింది. దీనిని నిర్వచించడమూ కష్టమే, నయం చేయడమూ కష్టమే, ఎందుకు వస్తుందో వివరించడమూ కష్టమేనని ఆయన అప్పుడే ఒప్పుకున్నాడు. 1945లో నెవియాజర్ అనే మరొక వైద్యుడు దోషం ఆ తొడుగులో ఉందని చూపించి, దానికి శాస్త్రీయమైన పేరు పెట్టాడు. ఇది ఎక్కువగా నలభై, అరవై ఏళ్ళ మధ్య వస్తుంది. పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. మధుమేహం ఉన్నవారిలో మరీ ఎక్కువ.

ఎల్బీనగర్‌లో నన్ను చూసిన ఎముకల డాక్టరు గారు మోచేతిని నడుముకు ఆన్చి, ముంజేతిని బయటికి తిప్పమన్నారు. తిరగలేదు. ఆయన పట్టుకుని తిప్పబోయారు. అప్పుడూ తిరగలేదు.

"స్నాయువు తెగితే సాధారణంగా మీరు తిప్పలేరు గాని నేను తిప్పగలను. ఇది నాకూ తిరగడం లేదమ్మా. అంటే లోపల గడియ పడింది," అన్నారు.

అరుగుదల ఏమైనా ఉందేమోనని ఎక్స్‌రే వ్రాశారు. దానితోపాటు మూడు నెలల సగటు చూపే షుగరు పరీక్ష కూడా వ్రాశారు. భుజానికీ షుగరుకూ సంబంధం ఏమిటని అడిగాను. షుగరు ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే తొడుగులోని పీచు పదార్థం బిరుసెక్కి సాగే గుణం కోల్పోతుందనీ, కొందరిలో మధుమేహం మొదట బయటపడేది ఇలా భుజం ద్వారానేననీ చెప్పారు. ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. షుగరు 7.9 వచ్చింది. ఆరున్నర దాటితే మధుమేహం క్రిందే లెక్క. ఒక నొప్పితో లోపలికి వెళ్ళి, రెండు జబ్బులతో బయటికి వచ్చాను.

*

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో దగ్గర మొదలుపెట్టి విజయవాడ రహదారి వెంబడి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ కూడలి దాకా నడిచి చూడండి. కోచింగు సెంటర్ల బోర్డులకూ బట్టల దుకాణాల బోర్డులకూ నడుమ ఎముకల ఆస్పత్రులు, స్కానింగు కేంద్రాలు, ఫిజియోథెరపీ గదులు వరుసగా కనిపిస్తాయి. ఈ డాక్టరు గారి దగ్గరకు రాకముందు ఆ దారిలోనే ఒక చోట నాకు భుజంలో ఒక సూది పడింది. పేరు అనవసరం. మందు ఏమిటో చెప్పలేదు, చీటీ మీద వ్రాయలేదు, తర్వాత చేతిని ఎలా కదపాలో ఒక్క మాటా అనలేదు. నా రక్తాన్నే తీసి, దానిలోని కొంత భాగాన్ని వేరుచేసి మళ్ళీ భుజంలోకి ఎక్కించే వైద్యం మూడు విడతలు చేయించుకొమ్మని మాత్రం ఒక కాగితం చేతిలో పెట్టారు. పది రోజులకు నొప్పి యథాస్థానానికి వచ్చింది.

అందుచేత రెండవ సూది అనగానే నాకు భయమే వేసింది. ఈసారి అల్ట్రాసౌండుతో చూస్తూ వేస్తానన్నారు డాక్టరు గారు. గది బయట గోడకు, అన్ని స్కానింగు గదుల దగ్గరా ఉండే బోర్డే ఉంది: ఇచ్చట లింగ నిర్ధారణ పరీక్షలు జరుపబడవు, అట్లు చేయుట చట్టరీత్యా నేరము. భుజం నొప్పితో వచ్చినదానికి ఈ హెచ్చరిక ఎందుకా అని నవ్వు వచ్చింది. కారణం ఉంది. ఆడశిశువులను గర్భంలోనే చంపుకుంటున్న సిగ్గుమాలినతనం వల్ల మన దేశం 1994లో ఒక చట్టం చేసుకోవలసి వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించవలసి వచ్చింది. గర్భాన్ని చూపగల యంత్రం భుజం కోసం కొన్నా, మోకాలి కోసం కొన్నా, దానిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి. ఆ బోర్డు క్రింద బెంచీ మీద నా ప్రక్కన కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది నా వయసు స్త్రీలే. పుట్టనిస్తే ఇంత వయసు దాకా వచ్చి, భుజాలు అరగదీసుకున్నవాళ్ళు.

నన్ను ఎడమ ప్రక్కకు తిప్పి పడుకోబెట్టారు. డాక్టరు గారు నా వెనుక, యంత్రపు తెర నా ఎదుట. వెనుక రెక్క ఎముక క్రింద చల్లని జిగురు పూసి, దానిపై పరికరాన్ని ఆన్చారు. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వినగలదు. ఈ పరికరం పంపే శబ్దం దానికి కొన్ని వందల రెట్లు. అది లోపలికి వెళ్ళి, కండరాన్నీ ఎముకనూ తాకి ప్రతిధ్వనిగా తిరిగివస్తే, ఆ ప్రతిధ్వనులను బొమ్మగా అమర్చి తెర మీద చూపుతారు. నొక్కితే కొన్ని స్ఫటికాలలో విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిన విషయమే దీనికి మూలం. గ్లాస్గోలో అయన్ డోనాల్డ్ బృందం 1958లో దానితో గర్భాన్ని చూపించింది.

తెర మీద మొదట నాకు వానమబ్బు తప్ప ఏమీ కనపడలేదు. డాక్టరు గారు ఒక్కొక్కటే చూపించారు. పైన చారలు చారలుగా కండరం. దాని క్రింద తెల్లగా వంపు తిరిగిన గీత. అదే నిమ్మకాయ. దాని ప్రక్కన చెంచా అంచు. రెండింటికీ నడుమ సన్నని సందు. చర్మానికి మత్తు ఇచ్చాక సూది ఒక తెల్లని గీతగా తెర అంచు నుంచి లోపలికి వచ్చింది. కండరాన్ని దాటి, ఆ వంపు మీదుగా జారి, సందు దగ్గర ఆగింది. నా ఒంట్లోకి వస్తున్న సూదిని నేనే బయట నుంచి చూస్తున్నాను. నొప్పి తక్కువే గాని, శ్వాస మాత్రం బిగపట్టాను.

మత్తుమందు, 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినలోన్ అనే స్టీరాయిడు, ఆ తర్వాత ఉప్పునీరు వరుసగా ఎక్కించారు. మామూలు కీలులో 15 మిల్లీలీటర్లకు పైగా ద్రవం పడుతుందట. గడ్డకట్టిన కీలులో ఒక్కొక్కప్పుడు 10 కూడా పట్టదట. ఆ ముడుచుకున్న తొడుగును నీటి ఒత్తిడితో లోపలి నుంచి సాగదీయడమే ఈ పద్ధతి. భుజంలో ఎవరో సైకిలు పంపుతో గాలి కొడుతున్నట్టు బరువు పెరిగింది. ఒక క్షణం ఇక చాలనిపించింది. అంతలో ఏదో వదులైనట్టు ఒత్తిడి తగ్గింది. పది నిమిషాల తర్వాత లేచి కూర్చుని చెయ్యి ఎత్తితే భుజం ఎత్తును దాటి పైకి వెళ్ళింది. ఆరు నెలల తర్వాత అక్కడి గాలి దానికి తగిలింది.

"సంతోషపడండి గాని నమ్మకండి. ఇప్పుడు లేపింది మత్తుమందు. సాయంత్రానికి అది దిగిపోతుంది. స్టీరాయిడు పని రెండు మూడు రోజుల్లో మొదలవుతుంది. నొప్పి తగ్గి ఉండే కాలం కొన్ని వారాలు. ఆరు అనుకోండి. ఆ ఆరు వారాలూ మీవి," అన్నారు డాక్టరు గారు.

స్టీరాయిడు వల్ల షుగరు కొన్నాళ్ళు పెరుగుతుందని ముందే చెప్పి, రోజూ కొలుచుకోమన్నారు. రెండవనాడు పరగడుపున 210 ఉంది. ఆరవనాటికి దారికి వచ్చింది. మొదటి రెండు రాత్రులు నొప్పి ఎక్కువైంది. మూడవ రాత్రి, నెలల తర్వాత మొదటిసారిగా, తెల్లవారేదాకా నిద్రపోయాను.

*

ఆ గదిలో భుజానికి జరిగే వైద్యం ఇది ఒక్కటే కాదు. మా బడి లెక్కల టీచరుకు స్నాయువులో సున్నం పేరుకుంది. అదే యంత్రంతో చూస్తూ సూది గుచ్చి, ఉప్పునీటిని లోపలికీ బయటికీ ఆడిస్తే, సుద్దముక్క తడిపిన నీరులాంటిది సిరంజిలోకి వచ్చిందట. పక్షవాతం వచ్చి భుజం నొప్పితో విలవిలలాడుతున్న ఒక పెద్దాయనకు కీలులో కాక, రెక్క ఎముక పై అంచున చిన్న గంటులో నుంచి పోయే నరం దగ్గర మందు పెట్టారు. భుజం నొప్పిని మెదడుకు చేరవేసే పనిలో ఎక్కువ భాగం ఆ నరానిదే. ఎక్కడ దోషమో తెలిస్తేనే సూది ఎక్కడ పడాలో తెలుస్తుంది. "భుజం నొప్పికి ఇంజెక్షన్" అని అందరికీ ఒకటే మందు ఉండదని నాకు అక్కడే బోధపడింది.

ఆ మందు చరిత్రలో మనవాళ్ళకు నచ్చే సంగతి ఒకటి ఉంది. అమెరికాలో ఫిలిప్ హెంచ్ 1948లో ఒక కీళ్ళవాత రోగికి కార్టిజోన్ ఇచ్చి చూశాడు. దానికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. 1951లో హాలెండర్ ఆ జాతి మందును నేరుగా కీలులోకి ఎక్కించే పద్ధతిని ప్రకటించాడు. నా భుజంలోకి వెళ్ళిన ట్రయామ్సినలోన్ 1956లో లెడర్లీ ప్రయోగశాలలో తయారయింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు అధిపతిగా పనిచేసింది ఆ లెడర్లీలోనే. ఆయన 1948లోనే పోయారు కనుక ఈ మందు ఘనత ఆయనకు కట్టబెట్టను. ఆయన పనిచేసిన ఇంటి నుంచి వచ్చిన మందు మా నల్లగొండ రెక్క దాకా వచ్చిందని తలచుకుంటే మాత్రం బాగుంటుంది.

ఇక, సూది గొప్పదనం ఎంత అన్న ప్రశ్న. తెర మీద చూసినదాన్ని కనుక చూస్తూ వేసినదే మేలని నా కళ్ళు చెబుతాయి. పరిశోధనలు అంత ధీమాగా చెప్పవు. భుజం నొప్పికి చూస్తూ వేసిన స్టీరాయిడు సూదులనూ, చేతితో తడిమి గుర్తుపట్టి వేసిన సూదులనూ పోల్చిన కాక్రేన్ సమీక్షలు 2012లోనూ 2021లోనూ వచ్చాయి. నొప్పి తగ్గడంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా వాటికి కనపడలేదు. బ్రిటన్‌లో 503 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కొందరికి స్టీరాయిడు సూదితోపాటు ఫిజియోథెరపీ, కొందరికి మత్తు ఇచ్చి చేతిని బలవంతంగా తిప్పడం, కొందరికి కీలులోకి దుర్భిణి పంపి తొడుగును కోయడం. ఏడాది తిరిగేసరికి ఏ ఒక్కటీ మిగతావాటిని గట్టిగా మించలేదు. డాక్టరు గారితో ఈ మాట అంటే ఆయన కాదనలేదు. "అందుకే ముందు చిన్నదానితో మొదలుపెట్టాం. దీనితో ఎవరికి కుదరదో వాళ్ళకే పెద్దవి," అన్నారు.

అంటే ఏడాది చివర చూస్తే సూది చేసిన అద్భుతం ఏదీ లేదన్నమాట. ఆ ఏడాది లోపల ఉన్న రాత్రుల సంగతి వేరు. సూది నాకు ఇచ్చింది భుజాన్ని కాదు, గడువును.

*

ఆ గడువును ఖర్చు పెట్టిన చోటు ఒక ఫిజియోథెరపీ గది. గోడ మీద వేళ్ళతో చీమలా పైకి ప్రాకడం, తలుపుకు కట్టిన గిలక తాడును మంచిచేత్తో లాగి చెడ్డచేతిని లేపడం, ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, వీపు వెనుక తువ్వాలును పైకీ క్రిందికీ లాగడం. ఆ లోలకం పద్ధతి కూడా కాడ్‌మన్ పేరుతోనే చెలామణి అవుతున్నది. మా ఇంట్లో వంటగది గోడ మీద వేళ్ళు ఏ ఎత్తు దాకా ఎక్కాయో ప్రతి ఆదివారం పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. గీతకూ గీతకూ మధ్య దూరం ఒక వారం రెండు వేళ్ళు, ఒక వారం గోరంత. ఒక వారం ఏమీ లేదు.

అక్కడికే ఒక హమాలీ వచ్చేవాడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ అక్కడ మామిడి పెట్టెలు మోశాడు. 2021-22లో మార్కెట్టు బాటసింగారానికి తరలిపోతే అతడూ దానివెంట వెళ్ళాడు. అతనిది గడ్డకట్టిన భుజం కాదు. స్నాయువు నలిగి, దానిపై ఉన్న నీటి సంచి వాచింది. అతనికీ సూది వేశారు, నెల రోజులు బరువు ఎత్తవద్దన్నారు. మూడవనాడు నొప్పి తగ్గింది, నాలుగవనాడు పనికి వెళ్ళాడు. "నొప్పి లేదు గద మేడం, ఇంట్ల కూసుంటె ఎవలు పెడ్తరు?" అన్నాడు. నొప్పి తగ్గడం నాకు వ్యాయామానికి వీలు కలిగించింది. అతనికి అదే నొప్పి తగ్గడం, నలిగిన స్నాయువు మీదికి పెట్టెలు ఎక్కించింది. అదే గది, అదే యంత్రం, బహుశా అదే మందు. నాకు జీతంతో కూడిన సెలవు ఉంది, అతనికి లేదు. స్టీరాయిడు పదే పదే పడితే స్నాయువు బలహీనపడుతుందని డాక్టరు గారు అతనికి చెప్పకపోలేదు. అతను వినకపోలేదు. రెండు నెలల తర్వాత ఇంకో సూది కోసం వచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు.

అతన్ని చూసినప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తుకు వచ్చేది. నకిరేకల్ దగ్గర మా ఊళ్ళో నాట్లు వేసే రోజుల్లో అమ్మకు కుడిరెక్క పట్టింది. నేను అప్పుడు ఆరో తరగతి. ఆముదం రాసి, వావిలాకు కాచిన నీళ్ళు పోసి, వేడి ఇటుకతో కాపడం పెట్టేవాళ్ళం. పనికి వెళ్ళడం మాత్రం ఆగలేదు. సుమారు రెండేళ్ళకు నొప్పి దానంతట అది పోయింది. రెక్క మాత్రం చెవి దాకానే లేచింది, ఇప్పటికీ అంతే. ఉట్టి మీది కుండ అందుకోవడానికి పీట వేసుకునేది. అది అమ్మ పొట్టితనం వల్లనని మేము అనుకునేవాళ్ళం. ఆమెకు షుగరు ఉన్నదని తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, కాలిపుండు మానక ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు. భుజం పట్టినప్పుడే ఉందో లేదో చెప్పగలిగినవారు ఇప్పుడెవరూ లేరు.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. గోడ మీది గీతలు పైకి పోవడం రోజూ చూసేది. ఒకనాడు అడిగింది: "నాకు గూడ గప్పుడు గా సూదేస్తే లేస్తుండెనా బిడ్డా?"

లేచేదేమో అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే నవ్వి, "లేస్తే ఏంది, ఇంకో నాలుగు మళ్ళు నాటేయించుకుందురు," అన్నది.

డాక్టరు గారిని అడిగాను. ఇన్నేళ్ళకు వాపు ఏమీ మిగలదనీ, నొప్పి లేని భుజానికి సూదితో పని లేదనీ, ఓపిక ఉంటే మెల్లగా సాగదీసుకోవచ్చనీ అన్నారు. అమ్మ ఒకటి రెండు రోజులు నాతోపాటు గోడ ప్రాకింది. తర్వాత, ఇప్పుడు నాకేం అందాలని, మానేసింది.

*

నా సంగతి ఇది. ఎనిమిది నెలలకు జాకెట్టు హుక్కులు అందాయి. ఏడాదికి నల్లబల్ల పై వరుస మళ్ళీ పైకి వెళ్ళింది. చేతిని పూర్తిగా నిటారుగా ఎత్తితే ఇంకా కొంత తక్కువే. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. షుగరు మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి.

చదివేవారిలో ఎవరికైనా భుజం ఇలా బిగుస్తుంటే నేను చెప్పగలిగినవి నాలుగే. షుగరు చూపించుకోండి. ఏ మందు, ఎంత, ఎక్కడ వేస్తున్నారో అడిగి వ్రాయించుకోండి. సూది తర్వాత ఆరు వారాలు ఏం చేయాలో చెప్పనివారి దగ్గర సూది వేయించుకోకండి. చెప్పాక, ఆ ఆరు వారాలను మరే పనికీ ఇవ్వకండి, ఇవ్వకుండా ఉండగలిగే స్థితిలో మీరు ఉంటే.

ఒక భుజం బిగుసుకున్నవారికి, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి, కొన్నేళ్ళలో రెండవది కూడా బిగుసుకునే అవకాశం ఉందట. అందుకని ఇప్పుడు ప్రతి ఆదివారం ఎడమచేతిని గోడ మీద ప్రాకించి చూసుకుంటాను. ఇప్పటిదాకా గీత దగ్గర ఆగకుండా దాటి పోతూనే ఉంది.